ఇంగ్లండ్‌లో జీపీ అపాయింట్‌మెంట్: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సెప్టెంబరు, జనవరి నెలల్లో విద్యార్థులు, ఏడాది పొడవునా ఉద్యోగ వీసాల మీద కుటుంబాలు తెలుగు రాష్ట్రాల నుంచి ఇంగ్లండ్‌కు వస్తూనే ఉంటారు. వచ్చేవారు మారుతున్నా, జీపీ సర్జరీ గురించి వారు అడిగే సందేహాలు మాత్రం మారడం లేదు. అడగడానికి మొహమాటపడి జబ్బును ముదరబెట్టుకున్నవారు, ఇండియా వెళ్లినప్పుడు చూపించుకుందామని నెలల తరబడి నొప్పి భరించినవారు మనలో తక్కువేమీ కాదు. అందుకే ఈ ప్రశ్నలను ఒకచోట చేర్చాము. ఏ ప్రశ్నకు జవాబు ఆ ప్రశ్న కిందనే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసినది మాత్రమే చదువుకోవచ్చు. ఇవన్నీ ఇంగ్లండ్‌కు వర్తించే విషయాలు. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో పద్ధతులు కొంత వేరుగా ఉంటాయి.

## పేరు నమోదు చేసుకునే దశ

జీపీ అంటే ఎవరు? నేరుగా స్పెషలిస్టు దగ్గరకు వెళ్లకూడదా?

జీపీ అంటే అన్ని రకాల జబ్బులనూ మొదటగా చూసే స్థానిక వైద్యుడు. ఆయన పనిచేసే వైద్యశాలను ఇక్కడ సర్జరీ అంటారు. విజయవాడలోనో వరంగల్‌లోనో మోకాలు నొప్పి వస్తే ఎముకల డాక్టరు దగ్గరకు, చర్మం మీద మచ్చ కనిపిస్తే చర్మ వైద్యుని దగ్గరకు మనంతట మనమే వెళతాము. 1948 జూలై 5న మొదలైన ఇక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఆ పద్ధతి లేదు. స్పెషలిస్టును చూడాలంటే సాధారణంగా జీపీ రాసి పంపాలి. దీనికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి: గర్భం వస్తే మిడ్‌వైఫ్ సేవలకు, ఆందోళన, కుంగుబాటు వంటివాటికి టాకింగ్ థెరపీస్ సేవలకు, లైంగిక ఆరోగ్య క్లినిక్‌లకు మీరే నేరుగా వెళ్లవచ్చు, చాలా ప్రాంతాల్లో ఫిజియోథెరపీకి కూడా ఆ అవకాశం ఉంది. పంటి సమస్యలకు డెంటిస్టు, కళ్లద్దాలకు ఆప్టీషియన్ వేరుగా ఉంటారు.

నేను ఆరోగ్యంగానే ఉన్నాను, ఇప్పుడే రిజిస్టర్ కావడం అవసరమా?

అవసరమే. రిజిస్ట్రేషన్ పూర్తయి మీ పేరు వారి కంప్యూటర్లోకి ఎక్కడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. 39 డిగ్రీల జ్వరంతో మంచం మీద ఉన్నవారు ఆ రోజున ఫారం నింపుతూ కూర్చోవడం కంటే, ఇంగ్లండ్‌లో దిగిన మొదటి వారంలోనే ఈ పని ముగించుకోవడం మేలు. పైగా కొన్ని సేవలకు సర్జరీలు మీకు తామే కబురు పంపుతాయి: 25 నుంచి 64 ఏళ్ల స్త్రీలకు గర్భాశయ ముఖద్వార పరీక్ష, 40 నుంచి 74 ఏళ్లవారికి ఐదేళ్లకోసారి ఆరోగ్య పరీక్ష, పసిపిల్లలకు టీకాలు అటువంటివి. 25 ఏళ్లలోపు వయసుండి కొత్తగా యూనివర్సిటీలో చేరే విద్యార్థులు మెదడు పొరల వాపు (మెనింజైటిస్) నుంచి కాపాడే మెన్ ఏసీడబ్ల్యూవై టీకా ఉచితంగా ఇవ్వమని తప్పక అడగాలి.

అద్దె ఒప్పందం నా పేరు మీద లేదు, బ్యాంకు స్టేట్‌మెంటు కూడా ఇంకా రాలేదు. రిజిస్టర్ చేసుకుంటారా?

చేసుకోవాలి. జీపీ దగ్గర రిజిస్టర్ కావడానికి చిరునామా రుజువు గానీ, గుర్తింపు పత్రం గానీ, వీసా స్థితి వివరాలు గానీ తప్పనిసరి కాదని ఎన్‌హెచ్‌ఎస్ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. సర్జరీవారు అవి అడగవచ్చు, మీ దగ్గర ఉంటే చూపితే పని తేలికవుతుంది; కానీ అవి లేవన్న ఒక్క కారణంతో తిప్పి పంపకూడదు. ఒకే ఇంట్లో నలుగురైదుగురు కలిసి ఉంటూ ఒప్పందం మాత్రం ఒక్కరి పేరు మీదనే ఉండే మన విద్యార్థులకు ఈ నియమం చాలా ముఖ్యం. మీ ఇల్లు తమ పరిధిలో లేదనో, కొత్తవారిని చేర్చుకోవడం లేదనో చెబితే అది న్యాయమైన కారణమే కావచ్చు. అయితే నిరాకరించినప్పుడు కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వవలసిన బాధ్యత వారిపై ఉంది. ఎన్‌హెచ్‌ఎస్ వెబ్‌సైటులో పోస్ట్‌కోడ్ ఇస్తే దగ్గరలోని సర్జరీల జాబితా వస్తుంది. ఎక్కువ సర్జరీలలో ఆన్‌లైన్‌లోనే రిజిస్టర్ కావచ్చు, కావాలంటే కాగితం ఫారం కూడా ఇస్తారు.

పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకలా, సర్టిఫికెట్లలో ఒకలా ఉంది. పుట్టినతేదీ కూడా అసలుది వేరు. ఏవి ఇవ్వాలి?

పాస్‌పోర్టులో ఉన్నవే, అక్షరం పొల్లుపోకుండా ఇవ్వండి. మన పేర్లలో ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత వస్తుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. ఒకసారి ఒకలా, మరోసారి మరోలా రాస్తే ఒకే మనిషికి రెండు రికార్డులు ఏర్పడి, రక్తపరీక్ష ఒకదానిలో, మందుల జాబితా మరొకదానిలో ఉండిపోయే ప్రమాదం ఉంది. ఎన్‌హెచ్‌ఎస్ యాప్ కూడా మీ గుర్తింపు పత్రంతో పోల్చి చూస్తుంది కాబట్టి తేడా ఉంటే అక్కడ ఆగిపోతుంది. బడిలో వేసిన పుట్టినతేదీయే పాస్‌పోర్టులో ఉంటే ఇక్కడ అన్నిచోట్లా అదే చెప్పాలి. నిజమైన వయసు వైద్యానికి ముఖ్యమనిపిస్తే ఆ మాటను డాక్టరుకు విడిగా చెప్పవచ్చు.

వీసాతోపాటు హెల్త్ సర్‌చార్జీ కట్టాను. ఇక జీపీకి ఫీజు ఏమైనా ఉంటుందా?

జీపీని చూడడానికి ఎవరూ డబ్బు కట్టనక్కరలేదు. 2024 ఫిబ్రవరి 6 నుంచి ఈ సర్‌చార్జీ పెద్దలకు ఏడాదికి 1,035 పౌండ్లు. విద్యార్థులకు, వారిపై ఆధారపడి వచ్చినవారికి, 18 ఏళ్లలోపు పిల్లలకు 776 పౌండ్లు. హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా మీద వచ్చిన నర్సులు, సంరక్షకులు, వారి కుటుంబాలకు ఇది మినహాయింపు. ఇంత మొత్తం ముందే చెల్లించినవారు సర్జరీకి ఫోన్ చేయడానికి సంకోచించవలసిన పని లేదు. ఇంగ్లండ్‌లో ప్రిస్క్రిప్షన్ మందులకు, డెంటిస్టుకు, కళ్లద్దాలకు మాత్రం మినహాయింపు లేనివారు విడిగా చెల్లించాలి.

అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చారు. జీపీ వాళ్లను చూస్తారా?

చూస్తారు. మూడు నెలల లోపు ఉండేవారిని తాత్కాలిక పేషెంట్లుగా, అంతకుమించి ఉండేవారిని మామూలుగానే నమోదు చేసుకోవచ్చు. జీపీ సంప్రదింపు ఎవరికైనా ఉచితమే. ప్రమాదమో హఠాత్తుగా వచ్చిన జబ్బో అయితే ఏ అండ్ ఈ అనే అత్యవసర విభాగంలో చేసే చికిత్సకు కూడా డబ్బు తీసుకోరు. అయితే అక్కడి నుంచి వార్డులో చేర్చుకున్న క్షణం నుంచి, లేదా జీపీ ఆసుపత్రికి పంపినప్పుడు, సందర్శకులకు బిల్లు వస్తుంది. అది ఎన్‌హెచ్‌ఎస్‌కు అయ్యే ఖర్చుకు ఒకటిన్నర రెట్లు. 500 పౌండ్లు లేదా అంతకుమించిన బాకీ రెండు నెలలు తీర్చకుండా ఉంటే ఆ సమాచారం హోం ఆఫీసుకు చేరి, తరువాతి వీసాకు అడ్డం రావచ్చు. అందుచేత బీపీ, షుగరు, గుండె జబ్బులున్న పెద్దవారిని పిలిపించేటప్పుడు, ఉన్న జబ్బులకు కూడా వర్తించే ప్రయాణ బీమా తీసుకునే బయలుదేరదీయండి. ఉండే కాలానికి సరిపడా మందులు, వాటి చీటీలు వారి చేతి సంచిలోనే పెట్టించండి.

## అపాయింట్‌మెంట్ తీసుకునే దశ

ఉదయం సరిగ్గా 8 గంటలకే ఫోన్ చేయాలంటారు. వేరే దారి లేదా?

ఉంది. సర్జరీలు సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 8 నుంచి సాయంత్రం 6.30 వరకు పనిచేస్తాయి. లైన్లు తెరవగానే అందరూ ఒక్కసారిగా ఫోన్ చేయడంతో, 8 గంటల 1 నిమిషానికే మీ ముందు పదిహేను మంది ఉన్నారని రికార్డు చేసిన గొంతు వినిపించడం మామూలే. చాలాచోట్ల వరుసలో మీ స్థానం పోకుండా తిరిగి ఫోన్ చేసే సౌకర్యం ఉంటుంది. ఆ సందేశం వచ్చినప్పుడు చెప్పిన అంకె నొక్కి ఫోన్ పెట్టేయవచ్చు.

అత్యవసరం కాని విషయాలకు ఈ పోటీలో నిలబడనవసరం లేదు. 2025 అక్టోబరు 1 నుంచి, అత్యవసరం కాని అపాయింట్‌మెంట్ల కోసం, మందుల సందేహాల కోసం ప్రతి సర్జరీ తన ఆన్‌లైన్ ఫారాన్ని పనివేళలంతా తెరిచే ఉంచాలన్న నియమం వచ్చింది. ఫోన్ చేసినా, ఫారం పంపినా, స్వయంగా వెళ్లి అడిగినా తరువాత ఏం జరుగుతుందో ఒక పనిదినంలోగా మీకు తెలియజేయాలి. అపాయింట్‌మెంట్ ఆ రోజే దొరుకుతుందని దీని అర్థం కాదు; ఎప్పుడు, ఎవరు చూస్తారో చెబుతారు.

రిసెప్షనిస్టు జబ్బేమిటని అడుగుతున్నారు. డాక్టరుకు చెప్పవలసినది ఆమెకెందుకు చెప్పాలి?

ఎవరిని ముందు చూడాలి, ఎవరు చూడాలి అన్నది తేల్చడానికే ఆ ప్రశ్న. ముందు వచ్చినవారికి ముందు టోకెను ఇచ్చే పద్ధతి ఇక్కడ లేదు. అవసరం ఎక్కువ ఉన్నవారికి ముందు చోటు ఇస్తారు. ఆ అవసరం ఎంతో వారికి తెలిసేది మీ మాటల వల్లనే. పెద్దల ముందు, కొత్తవారి ముందు బాధను తగ్గించి చెప్పడం మనకు అలవాటు. "పెద్దగా ఏమీ లేదండీ, కాస్త నీరసంగా ఉంది" అన్నవారికి పది రోజుల తరువాతి తేదీ వస్తే అది రిసెప్షనిస్టు తప్పు కాదు. "నాలుగు రోజులుగా మెట్లు ఎక్కలేకపోతున్నాను, రాత్రి రెండుసార్లు ఆయాసంతో లేచాను" అని ఉన్నదున్నట్టు చెప్పాలి.

డాక్టరుకు ఉన్నట్టే రిసెప్షన్ సిబ్బందికీ గోప్యత పాటించవలసిన బాధ్యత ఉంది. విషయం మరీ వ్యక్తిగతమైతే "ఇది వ్యక్తిగత విషయం, డాక్టరుతోనే మాట్లాడతాను" అని చెప్పవచ్చు. కౌంటరు దగ్గర నలుగురూ వింటున్నారనిపిస్తే పక్కకు వచ్చి మాట్లాడవచ్చా అని అడగవచ్చు. మీరు చెప్పనంత మాత్రాన అపాయింట్‌మెంట్ ఇవ్వకుండా ఉండకూడదు, కానీ ఎంత త్వరగా చూడాలో వారికి తెలియదు.

ఆన్‌లైన్ ఫారంలో ఎంత రాయాలి, ఎలా రాయాలి?

ఆ ఫారాన్ని చదివేవారు మీ ముఖం చూడరు, గొంతు వినరు. ఆ నాలుగు వాక్యాలే మీ తరఫున మాట్లాడతాయి. ఎప్పుడు మొదలైంది, ఎలా మారుతోంది, రోజువారీ పనులకు ఎంత అడ్డం వస్తోంది, ఇప్పటికే ఏం చేశారు, మీకున్న భయం ఏమిటి అన్నవి రాస్తే చాలు. ఉదాహరణకు "దగ్గు వస్తోంది, డాక్టరు కావాలి" అని రాసిన ఫారం వారికి ఏమీ చెప్పదు. "మూడు వారాలకు పైగా దగ్గు తగ్గడం లేదు, రాత్రిళ్లు చెమటలు పట్టి దుస్తులు తడుస్తున్నాయి, నెలలో నాలుగు కిలోలు తగ్గాను, మందుల షాపులో కొన్న సిరప్ పనిచేయలేదు, మా నాన్నగారికి గతంలో టీబీ వచ్చింది, నాకూ అదేమోనని భయంగా ఉంది" అని రాస్తే చదివిన డాక్టరు అదే రోజు ఫోన్ చేసే అవకాశం ఎక్కువ.

భాష గొప్పగా ఉండనవసరం లేదు, వ్యాకరణం తప్పినా పర్వాలేదు. మచ్చ, వాపు, పొక్కు వంటివాటికి వెలుతురులో తీసిన ఫొటో జత చేయండి. మీకు ఫోన్ ఎత్తడం కుదరని వేళలు కూడా రాయండి. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఉచిత సిమ్ వాడి, తరువాత నంబరు మార్చుకున్నవారు ఆ మార్పును సర్జరీకి చెప్పకపోవడం వల్ల, డాక్టరు చేసిన ఫోన్ ఎవరికో వెళ్లిపోతుంది. ఫారం పంపే ముందు నంబరు ఒకసారి సరిచూసుకోండి.

డాక్టరు కావాలంటే నర్సునో ఫార్మసిస్టునో చూడమంటున్నారు. ఇది దాటవేయడమేనా?

కాదు. బీపీ, షుగరు, ఆస్తమా వంటివాటిని క్రమం తప్పకుండా చూసేది ప్రత్యేక శిక్షణ ఉన్న నర్సులే. మందుల మార్పులు ఫార్మసిస్టులు, నడుము, మెడ నొప్పులు ఫిజియోథెరపిస్టులు మనం ఊహించే దానికంటే ఎక్కువ సమయం వెచ్చించి చూస్తారు. మిమ్మల్ని చూసేది ఎవరో తెలుసుకునే హక్కు మీకు ఉంది. వారు చూసిన తరువాత కూడా అనుమానం తీరకపోతే డాక్టరుతో మాట్లాడాలని అడగండి. ఒకే జబ్బుకు ఒకే డాక్టరు చూడాలని కోరుకోవడమూ మీ హక్కే. అయితే ఆయన కోసం ఎక్కువ రోజులు ఆగవలసి రావచ్చు.

గొంతు నొప్పికి కూడా జీపీ దగ్గరకే వెళ్లాలా?

అక్కరలేదు. 2024 జనవరి 31న మొదలైన ఫార్మసీ ఫస్ట్ పథకం కింద ఏడు సమస్యలకు వీధిలోని మందుల షాపులోనే, అపాయింట్‌మెంట్ లేకుండా ఫార్మసిస్టు చూసి, అవసరమైతే యాంటీబయాటిక్ కూడా ఇవ్వవచ్చు: గొంతు నొప్పి, సైనస్ నొప్పి, చెవి పోటు, పురుగు కుట్టి చీము పట్టడం, ఇంపెటిగో అనే చర్మవ్యాధి, అక్కి, 16 నుంచి 64 ఏళ్ల స్త్రీలలో మూత్రంలో మంట. చెవి పోటు, సైనస్ వంటి కొన్నింటికి వయసు పరిమితులున్నాయి. ఇండియా నుంచి తెచ్చుకున్న యాంటీబయాటిక్‌లను ఎవరినీ అడగకుండా వేసుకునేకంటే ఇది ఎంతో సురక్షితమైన దారి.

లేడీ డాక్టరే కావాలని అడగవచ్చా?

నిస్సంకోచంగా అడగవచ్చు, కాకపోతే బుక్ చేసేటప్పుడే చెప్పాలి. శరీర పరీక్ష అవసరమైతే పక్కన మరొక శిక్షణ పొందిన ఉద్యోగిని ఉండాలని కూడా కోరవచ్చు. ఆమెను షాపరోన్ అంటారు. భర్త లేదా అత్తగారు గదిలో ఉంటే మాట్లాడలేని విషయాలుంటే, కొంతసేపు ఒంటరిగా మాట్లాడాలని డాక్టరును అడగండి. ఎందుకని ఎవరూ ప్రశ్నించరు.

అమ్మకు ఇంగ్లీషు రాదు. నేను పక్కన ఉండి చెబితే సరిపోతుందా?

మీరు వెంట ఉండవచ్చు, కానీ చెప్పేది ఒక దుబాసీ అయితే మంచిది. ఎన్‌హెచ్‌ఎస్ దుబాసీ సేవ పేషెంటుకు ఉచితం. బుక్ చేసేటప్పుడే తెలుగు దుబాసీ కావాలని చెప్పాలి. తరచుగా ఆ వ్యక్తి ఫోన్‌లో ఉంటారు, అందుకు సమయం పడుతుంది కాబట్టి రెట్టింపు వ్యవధి అడగండి. కొడుకు ముందు గర్భాశయ సమస్య చెప్పుకోలేని తల్లులు, కూతురి ముందు మూత్ర సమస్య చెప్పలేని తండ్రులు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. చిన్నపిల్లలతో మాత్రం ఎన్నడూ ఆ పని చేయించవద్దు.

పగలంతా షిఫ్టులో ఉంటాను. సాయంత్రమో శనివారమో దొరుకుతుందా?

దొరుకుతుంది. పనిదినాల్లో సాయంత్రం 6.30 నుంచి 8 వరకు, శనివారం ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు కొన్ని అపాయింట్‌మెంట్లు ఉంటాయి. ఇవి చుట్టుపక్కల సర్జరీలన్నీ కలిసి నడిపేవి కాబట్టి వేరే భవనానికి వెళ్లవలసి రావచ్చు. రిసెప్షన్‌లో అడిగితేనే చెబుతారు.

అర్ధరాత్రి లేదా ఆదివారం జబ్బు చేస్తే ఎవరికి ఫోన్ చేయాలి?

గుండెలో నొప్పి, మూతి వంకర పోవడం, చేయి కాలు పడిపోవడం, ఊపిరి అందకపోవడం, ఆగని రక్తస్రావం వంటివాటికి ఏ వేళయినా 999. ప్రాణాపాయం లేదు గానీ తెల్లవారేదాకా, లేదా సోమవారం దాకా ఆగలేమనిపిస్తే 111. ఇది 24 గంటలూ పనిచేస్తుంది, కాల్‌కు ఖర్చు లేదు, దుబాసీ కావాలంటే భాష పేరు చెప్పాలి. అవసరమైతే వారే రాత్రి డాక్టరుతోనో ఏ అండ్ ఈ తోనో సమయం ఏర్పాటు చేస్తారు. ఒంటరితనంతోనో, చదువు, అప్పుల ఒత్తిడితోనో ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు వస్తుంటే 111కు ఫోన్ చేసి 2 నొక్కండి. మానసిక ఆరోగ్య సిబ్బంది మాట్లాడతారు. దూరదేశంలో ఒంటరిగా ఉన్న పిల్లలందరూ ఈ నంబరును గుర్తుపెట్టుకోవాలని మా కోరిక.

## డాక్టరును కలిసే రోజు

ఎంత ముందుగా వెళ్లాలి? లోపలికి వెళ్లగానే ఏం చేయాలి?

ఐదు నుంచి పది నిమిషాల ముందు వెళితే చాలు. తలుపు పక్కన చాలాచోట్ల ఒక తాకే తెర ఉంటుంది. స్త్రీనా పురుషుడా, పుట్టిన తేదీ, నెల, ఇంటిపేరు మొదటి అక్షరం అడుగుతుంది. అక్కడ నమోదు కాకుండా కుర్చీలో కూర్చుంటే మీరు వచ్చినట్టు డాక్టరుకు తెలియదు. మీ వంతు వచ్చినప్పుడు గోడ మీది తెరపై పేరు, గది నంబరు కనిపిస్తాయి, లేదా డాక్టరే వచ్చి పిలుస్తారు. మన పేర్లను వారు పలికే తీరు కొత్తగా ఉంటుంది కాబట్టి కాస్త చెవి ఒగ్గి వినాలి.

ఒకే అపాయింట్‌మెంట్‌లో మూడు సమస్యలు చెప్పవచ్చా?

మామూలు అపాయింట్‌మెంట్ వ్యవధి సుమారు పది నిమిషాలే. రెండు, మూడు సమస్యలుంటే బుక్ చేసేటప్పుడే డబుల్ అపాయింట్‌మెంట్ అడగండి. అది దొరకకపోతే, కూర్చోగానే "రెండు విషయాలున్నాయి, ఎక్కువ భయపెడుతున్నది ఇది" అని మొదలుపెట్టండి. జలుబు గురించి తొమ్మిది నిమిషాలు మాట్లాడి, లేచేటప్పుడు తలుపు దగ్గర రొమ్ములో గడ్డ గురించి చెప్పేవారున్నారు. ఆ మాటే ముందు రావాలి.

ఇండియాలో చేయించుకున్న రిపోర్టులు ఇక్కడ పనికొస్తాయా?

పనికొస్తాయి, కానీ ఫైలంతా మోసుకెళ్లడం కంటే ఒక కాగితం మీద సారాంశం రాసుకెళ్లడం మేలు: జబ్బు పేరు, మొదలైన సంవత్సరం, జరిగిన ఆపరేషన్లు, పడని మందులు, ఇప్పుడు వేసుకునే మందులు. మందులకు కంపెనీ పేర్లు ఇక్కడివారికి తెలియవు; అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, మోతాదు రాయండి.

కొలతల్లో తేడా ఒక్కటి జాగ్రత్తగా చూసుకోవాలి. మనం జ్వరాన్ని ఫారన్‌హీట్‌లో చెబుతాము, ఇక్కడ సెల్సియస్, మన 100.4 ఇక్కడ 38. రక్తంలో చక్కెరను మన ల్యాబులు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, ఇక్కడ మిల్లీమోల్స్‌లో. మన అంకెను 18తో భాగిస్తే ఇక్కడి అంకె వస్తుంది, అంటే 180 ఇక్కడ 10. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ మన దగ్గర శాతంలో ఉంటే ఇక్కడ వేరే కొలతలో ఉంటుంది: 6.5 శాతం ఇక్కడ 48, 7 శాతం ఇక్కడ 53. ఇక్కడి రిపోర్టులో 53 చూసి హడలిపోయినవారు, 10 చూసి షుగరు బాగా పడిపోయిందనుకున్నవారు కూడా ఉన్నారు.

ఫోన్ అపాయింట్‌మెంట్ ఇచ్చారు. దానికి ఎలా సిద్ధపడాలి?

చెప్పిన వేళకు అటూ ఇటూగా, తరచుగా నంబరు కనిపించకుండా ఫోన్ వస్తుంది. తెలియని నంబర్లను ఎత్తని అలవాటు ఉన్నవారు ఆ రోజుకు దాన్ని పక్కన పెట్టాలి. సిగ్నల్ ఉండే, ఇతరులు వినని చోట కూర్చోండి. ఫోన్‌లో చెప్పలేనిదైతే నేరుగా చూడాలని అడగండి.

రెండుసార్లు వెళ్లాను, పారాసిటమాల్ వేసుకోమని పంపించారు. మళ్లీ వెళితే విసుక్కుంటారా?

తగ్గకపోతే మళ్లీ వెళ్లడం మీ బాధ్యత అనే అనుకోండి. చాలా జబ్బులు వాటంతటవే తగ్గుతాయి కాబట్టి మొదటిసారే పరీక్షలు, యాంటీబయాటిక్‌లు రాయడం ఇక్కడి పద్ధతి కాదు. అది నిర్లక్ష్యం కానక్కరలేదు. అయితే వచ్చే ముందు తప్పక అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: "ఎన్ని రోజుల్లో తగ్గాలి, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి?" ఆ గడువు దాటితే అదే మాట గుర్తుచేస్తూ మళ్లీ బుక్ చేయండి.

ఒకే లక్షణంతో, లేదా ముదురుతున్న లక్షణాలతో మూడుసార్లు వచ్చిన పేషెంటు విషయంలో డాక్టరు ఆగి, మొదటి నుంచి మళ్లీ ఆలోచించాలని 2025 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లో జెస్ రూల్ పేరుతో సూచన అమలులోకి వచ్చింది. అనేకసార్లు సర్జరీని సంప్రదించినా క్యాన్సర్ బయటపడక, 2020లో 27 ఏళ్ల వయసులో మరణించిన జెస్సికా బ్రేడీ పేరు మీద, ఆమె తల్లిదండ్రుల పోరాటం వల్ల వచ్చిన మార్పు ఇది. మూడోసారి వెళ్లినప్పుడు "ఇదే సమస్యతో ఇది మూడోసారి" అని స్పష్టంగా చెప్పండి.

## మార్చుకోవడం, రద్దు చేసుకోవడం

వెళ్లలేకపోతే ఏం చేయాలి? జరిమానా ఉంటుందా?

జరిమానా లేదు. ఎన్‌హెచ్‌ఎస్ యాప్‌లోనో, గుర్తుచేస్తూ వచ్చిన మెసేజికి జవాబుగానో, ఫోన్ చేసో రద్దు చేసుకోవచ్చు. తరగతి ఉందనో నిద్ర లేవలేదనో ఊరకే వదిలేస్తే, అదే ఉదయం వరుసలో నిలబడి దొరకనివారి చోటు వృథా అవుతుంది. రెండు గంటల ముందు చెప్పినా అది మరొకరికి ఉపయోగపడుతుంది. పదేపదే చెప్పకుండా మానేస్తే సర్జరీ హెచ్చరిక లేఖ పంపవచ్చు, చివరికి జాబితా నుంచి తొలగించనూవచ్చు.

బస్సు ఆలస్యమైంది, పది నిమిషాలు దాటింది. చూస్తారా?

అది సర్జరీని బట్టి ఉంటుంది. చాలాచోట్ల పది నిమిషాలు దాటితే మళ్లీ బుక్ చేసుకోమంటారు. దారిలోనే ఫోన్ చేసి చెబితే వీలున్నచోట సర్దుతారు.

## చూపించుకున్న తరువాత

మందులు ఎక్కడ తీసుకోవాలి? ఎంత అవుతుంది?

మీరు ఎంచుకున్న ఫార్మసీకి ప్రిస్క్రిప్షన్ కంప్యూటర్లోనే చేరుతుంది. 2024 మే నుంచి ఒక్కో మందుకు 9.90 పౌండ్లు, ఎన్ని మాత్రలు అన్నదానితో సంబంధం లేదు. 16 ఏళ్లలోపువారికి, పూర్తికాలం చదువుతున్న 16 నుంచి 18 ఏళ్లవారికి, 60 దాటినవారికి ఉచితం. గర్భిణులు, ఏడాదిలోపు బిడ్డ ఉన్న తల్లులు మినహాయింపు పత్రం తీసుకోవాలి. షుగరుకు మందులు వాడేవారికీ అటువంటి పత్రం ఉంది, దానికి ఫారం సర్జరీలోనే ఇస్తారు. తక్కువ ఆదాయం ఉన్నవారు, విద్యార్థులతో సహా, హెచ్‌సీ1 ఫారం పంపి సహాయం కోరవచ్చు. అర్హత లేకుండా ఉచిత గడిలో టిక్కు పెడితే తరువాత జరిమానా నోటీసు వస్తుంది, కాబట్టి తెలియకపోతే ఫార్మసిస్టును అడగండి.

రక్తపరీక్ష చేశారు, ఎవరూ ఫోన్ చేయలేదు. అంతా బాగున్నట్టేనా?

అలా అనుకోవద్దు. బాగుంటే చాలా సర్జరీలు ఫోన్ చేయవు నిజమే, కానీ రిపోర్టు ఎక్కడో ఆగిపోయినా ఫోన్ రాదు. ఫలితం ఎన్ని రోజుల్లో వస్తుందో పరీక్ష రోజునే అడిగి, ఆ తేదీ దాటగానే యాప్‌లో చూడండి లేదా ఫోన్ చేయండి.

స్పెషలిస్టుకు పంపారు, కానీ ఆ నెలలో ఇండియా ప్రయాణం ఉంది. ఏం చేయాలి?

ఎన్‌హెచ్‌ఎస్ పెట్టుకున్న ప్రమాణం ప్రకారం రిఫరల్ నుంచి చికిత్స మొదలయ్యేదాకా 18 వారాలు మించకూడదు, వాస్తవంలో అనేకులు అంతకంటే ఎక్కువే ఆగుతున్నారు. అంత ఆగి వచ్చిన తేదీకి చెప్పకుండా మానేస్తే మిమ్మల్ని తిరిగి జీపీకే పంపేసి, వరుస మొదటి నుంచి మొదలుకావచ్చు. ప్రయాణ తేదీలు తెలియగానే ఆసుపత్రికి ఫోన్ చేసి వేరే తేదీ అడగండి. క్యాన్సర్ అనుమానంతో అత్యవసరంగా పంపినట్టయితే మాత్రం టికెట్టునే మార్చుకోండి. అటువంటివారికి అవునో కాదో 28 రోజుల్లో తేల్చాలన్నది లక్ష్యం.

ఆఫీసుకు సిక్ నోట్ కావాలి. ఎన్ని రోజులకు ఇస్తారు?

వారాంతాలతో కలిపి మొదటి ఏడు రోజులకు మీరే రాసి ఇచ్చుకోవచ్చు, డాక్టరు పత్రం అక్కరలేదు. ఎనిమిదో రోజు నుంచి సర్జరీ ఫిట్ నోట్ ఇస్తుంది, దానికి ఫీజు లేదు. యూనివర్సిటీకి పరీక్ష వాయిదా కోసం అడిగే లేఖలు ఎన్‌హెచ్‌ఎస్ పని కిందకు రావు కాబట్టి వాటికి ఫీజు తీసుకోవచ్చు.

నేను చెప్పినవి కంపెనీకో, యూనివర్సిటీకో, మావాళ్లకో తెలుస్తాయా?

మీ అనుమతి లేకుండా చెప్పరు. ఎవరి ప్రాణానికైనా తీవ్రమైన ముప్పు ఉన్నప్పుడు, చట్టం కోరినప్పుడు మాత్రమే దీనికి మినహాయింపు. మానసిక సమస్య గురించి చెబితే వీసా పోతుందన్న భయంతో నోరు మెదపని పిల్లలున్నారు. కుంగుబాటుకు చికిత్స తీసుకోవడం విద్యార్థి వీసా రద్దుకు కారణం కాదు.

సర్జరీ తీరు బాగాలేదు. ఎవరికి చెప్పాలి? చెబితే తరువాత వైద్యం చేస్తారా?

ముందు ప్రాక్టీస్ మేనేజరుకు తేదీలతో రాయండి. వారికి రాయడం ఇష్టం లేకపోతే మీ ప్రాంతంలో ఎన్‌హెచ్‌ఎస్ సేవలను పర్యవేక్షించే ఇంటిగ్రేటెడ్ కేర్ బోర్డుకు రాయవచ్చు. జరిగిన 12 నెలల్లోగా ఫిర్యాదు చేయాలి. జవాబు తృప్తినివ్వకపోతే ఇటువంటి ఫిర్యాదులను స్వతంత్రంగా విచారించే పార్లమెంటరీ అండ్ హెల్త్ సర్వీస్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఫిర్యాదు చేశారన్న కారణంతో వైద్యం తగ్గించకూడదు. రిసెప్షన్‌లో గొంతు పెంచడం వల్ల మాత్రం మీ న్యాయమైన మాట కూడా చెల్లకుండా పోతుంది.

ఇల్లు మారాను, లేదా కొన్ని నెలలు ఇండియా వెళుతున్నాను. సర్జరీకి చెప్పాలా?

ఊరు మారితే కొత్త సర్జరీలో రిజిస్టర్ అయితే చాలు, పాత రికార్డులు వాటంతటవే అక్కడికి చేరతాయి, కారణం చెప్పనక్కరలేదు. ఆసుపత్రి రిఫరల్ ఏదైనా నడుస్తుంటే కొత్త చిరునామాను ఆసుపత్రికి విడిగా తెలపాలి. మూడు నెలలకు మించి దేశం విడిచి వెళితే సర్జరీ జాబితా నుంచి మీ పేరు తీసేయవచ్చు, తిరిగి వచ్చాక మళ్లీ రిజిస్టర్ కావచ్చు. రోజూ మందులు వేసుకునేవారు ప్రయాణానికి రెండు మూడు వారాల ముందే విషయం చెప్పి, ఎన్ని రోజులకు ఇవ్వగలరో అడిగి, మిగతా రోజులకు అక్కడి డాక్టరుకు చూపించడానికి మందుల జాబితాను యాప్ నుంచి ముద్రించుకుని వెళ్లండి.